ముగ్గు వేసిన చేతికి కుంచె కొత్త కాదు

తిరుపతిలోనో చిత్తూరులోనో 60 దాటినవాళ్లను ఒక బొమ్మ వేయమని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: "మాకు బొమ్మలు రావు." ఆ మాట అనే ఆడవాళ్లలో ఎక్కువమంది పెళ్లికి ముందు నుంచే వాకిట్లో ముగ్గు వేస్తున్నవాళ్లు. ధనుర్మాసం వస్తే 15 చుక్కల నుంచి 8 దాకా సందు చుక్క పెట్టి, చుక్కల చుట్టూ మెలిక తిప్పి, గీత మొదలైన చోటికే తెచ్చి కలిపేస్తారు. స్కేలు ఉండదు, ముందుగా గీసుకున్న పెన్సిల్ గీతలు ఉండవు. తమిళనాడును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో మెలికల ముగ్గు మీద పట్టింపు ఇంకాస్త ఎక్కువే. వంగి నిలబడి, వేళ్ల సందు నుంచి పిండిని ఒకే మందంలో జార్చుతూ, చుట్టూ అన్ని వైపులా సమానంగా వచ్చేలా చూసుకోవడమంటే కన్నూ చేయీ కలిసి నడవడమే. బొమ్మలు నేర్పే ఏ బడిలోనైనా మొదట పట్టించాలని చూసేది ఆ పట్టునే. కానీ తాను చేస్తున్నది కళ అని ఆమె అనుకోదు, ఇంట్లోవాళ్లూ అనుకోరు. రేపు పొద్దున నీళ్లు చల్లితే పోయే పని కదా!

మగవాళ్ల సంగతి కూడా అంతే. నల్లబల్ల మీద సుద్దముక్కతో భారతదేశ పటాన్ని చూడకుండా గీసేసిన సోషల్ మాస్టారు, గుడ్డ మీద ఒకసారి గీత పెడితే మళ్లీ సరిచేయాల్సిన అవసరం రాని టైలరు, ఇంజన్ లోపల కంటికి కనపడని బోల్టును వేలి కొసతో తడిమి బిగించిన మెకానిక్కు. వీళ్ల చేతులు 30, 40 ఏళ్లపాటు సన్నటి పనిలో సాధన చేసిన చేతులు. ఉద్యోగం అయిపోయాక ఆ పనితనానికి పని లేకుండా పోతుంది.

పెద్ద వయసులో రంగుల మీదో మట్టి మీదో ఇష్టం పుట్టిందంటే దాన్ని ఒక వింతగా చెప్పడం పరిపాటి. లోపల ఎక్కడో నిద్రపోతున్న ప్రతిభ ఒక్కసారిగా లేచిందంటారు. జరిగేది చాలాసార్లు అంతకంటే మామూలుగా, అంతకంటే ఆసక్తిగా ఉంటుంది. చేతికి ముందే వచ్చిన విద్య ఒక పని వదిలి ఇంకో పనిలోకి మారుతుంది. లేటు వయసులో కళాకారులుగా లోకానికి తెలిసినవాళ్ల జీవితాలు చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ప్రాంతంతో సంబంధం ఉన్న ఉదాహరణే ఒకటి ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని థియొసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది, దాని బాణీకి ఆ కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాసింది అక్కడే. మదనపల్లె 2022లో జిల్లాల విభజన జరిగేదాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ రోజుల్లో ఆయన వయసు 57. నోబెల్ బహుమతి వచ్చి ఐదేళ్లు దాటింది. అప్పటికి ఆయన్ను చిత్రకారుడిగా ఎవరూ ఎరగరు. 1924 ప్రాంతంలో కవితల రాతప్రతుల్లో కొట్టేసిన పదాలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోయి, వాటిని పక్షులుగా, వింత జంతువులుగా మార్చడం మొదలుపెట్టారు. ఆ కొట్టివేతల నుంచే ఆయన చిత్రకళ పుట్టింది. 1930లో, 69వ ఏట, పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. పోయేలోపు రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు. బొమ్మలు వేయడం ఆయన ఎక్కడా పద్ధతిగా నేర్చుకోలేదు. కలం పట్టిన చేతికి అక్షరం ఎలాగూ తెలుసు, అక్షరం పక్కనే గీత ఉంది.

అమెరికాలో గ్రాండ్మా మోజెస్‌గా పేరుపడ్డ రైతు ఇల్లాలి కథ కూడా అలాంటిదే. ఆమె ఊలుదారంతో బొమ్మలు కుట్టేది. కీళ్లవాతం వల్ల సూది పట్టుకోవడం కష్టమై, 75 దాటాక కుంచె పట్టింది. 101 ఏళ్లు బతికి 1961లో చనిపోయింది. ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారిణి ఎమిలీ కామే న్వారేకు కాన్వాసు చేతికి వచ్చేసరికి ఆమె వయసు 80కి దగ్గర్లో ఉంది. అయితే అంతకు ముందు పదేళ్లకు పైగా ఆమె గుడ్డ మీద మైనంతో బాతిక్ చేస్తూ ఉండేది. దానికీ ముందు, తమ ఆడవాళ్ల వేడుకల్లో ఒంటి మీద రంగులతో గీతలు దిద్దడం ఆమెకు జీవితమంతా ఉన్న అలవాటు. అందుకే ఆమె కాన్వాసు మీద ఆ గీతలే కనిపిస్తాయి. ఒకరికి రాత, ఒకరికి కుట్టు, ఒకరికి ఒంటి మీది గీత. మన దగ్గర ఆ వరుసలో ముగ్గు చేరుతుంది.

ఈ విషయాన్ని తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద వయసులో రంగులూ మట్టీ నేర్చుకోవాలంటే చాలా ఊళ్లలో డబ్బాలో వచ్చే కిట్లు, వారాంతపు క్లాసులే దిక్కు. ఇక్కడ మాత్రం తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపు శ్రీకాళహస్తిలో చేత్తో వేసే కలంకారీ ఉంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో పలమనేరు ఉంది, అక్కడి కుమ్మరుల మట్టి బొమ్మలకు, టెర్రకోట పనికి పేరుంది. రెండూ బతికి ఉన్న విద్యలు. రెండూ తొందరపడితే లొంగని విద్యలు. పెద్ద వయసుకు ఇవి ఎందుకంత సరిపోతాయో తెలియాలంటే పని జరిగే తీరు లోపలికి వెళ్లి చూడాలి.

కలంకారీలో బొమ్మ మొదలయ్యేది గుడ్డతో. గంజి, మురికి పోయేలా నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి, పిండి ఎండలో ఆరేస్తారు. పాలలో ఉన్న కొవ్వు వల్ల రంగు గుడ్డలో పాకిపోకుండా గీత దగ్గరే ఆగుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం, అంటే టానిన్, తర్వాత పెట్టే రంగును పట్టుకుంటుంది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ రేఖలు లేతగా గీస్తారు. దాని మీద నల్ల గీత దిద్దాలి. ఆ నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండలో వారాల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. కుండలో ఉన్నప్పుడు అది పెద్ద నల్లగా ఏమీ ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకే, ఇనుమూ టానినూ కలిసి నలుపు తేలుతుంది. కలం అంటే వెదురు పుల్ల. కొసను సన్నగా చెక్కి, కొంచెం పైన ఊలో గుడ్డో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టులో కసిం నిలుస్తుంది, వేళ్లతో నొక్కే కొద్దీ కొసకు దిగుతుంది. ఎంత నొక్కాలో నోటితో చెప్పి నేర్పడం కష్టం. ముగ్గుపిండి జార్చిన వేళ్లకు ఇది చాలా త్వరగా పట్టుబడుతుంది, ఎందుకంటే రెండు చోట్లా పని ఒక్కటే: చేతి వేగానికి సరిపడా మాత్రమే వదలడం.

అసలు విశేషం ఎరుపు దగ్గర ఉంది. ఎర్రగా కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. పటిక నీళ్లకు చెప్పుకోదగ్గ రంగు ఉండదు. పూసినంతసేపూ తడి మరక తప్ప ఏమీ కనిపించదు. ఆరాక, పారే నీళ్లలో ఎక్కువైన పటిక పోయేలా జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్లూ చెక్కలూ వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తే, పటిక పట్టిన చోటల్లా ఎరుపు పొంగుతుంది. మిగతా చోట అంటిన మసక రంగు పేడనీళ్లలో నానబెట్టి ఎండేస్తే పోతుంది. మళ్లీ పాలు, మళ్లీ ఎండ. ఆ తర్వాత కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడిన చోట ఆకుపచ్చ. శ్రీకాళహస్తి స్వర్ణముఖి ఒడ్డున ఉండటం ఊరికే జరిగింది కాదు. ఈ పనికి పారే నీళ్లు కావాలి. ఏరు ఎండిన నెలల్లో పనివాళ్లు పడే ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది.

ఈ వరుసంతా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. గీసేటప్పుడు గీసినవాడికి ఫలితం కనపడదు. పటిక ఎక్కడ మందంగా పడిందో, ఎక్కడ జారిందో ఉడికించాకే తెలుస్తుంది. పెద్దవాళ్లు కొత్త విద్య దగ్గర ఆగిపోయేది ఎక్కువగా తమను తాము వెంటనే కొలుచుకోవడం వల్లే. పసిపిల్లాడు వంకర ఏనుగును గీసి గర్వంగా చూపిస్తాడు. 63 ఏళ్ల మనిషి అదే ఏనుగును గీసి, అసలు ఏనుగు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, కాగితం నలిపేస్తాడు. ఆ మనిషి కన్ను చేతికంటే 50 ఏళ్లు ముందుంది. కాగితం మీద రంగు పెన్సిలుతో గీస్తే ఆ తేడా క్షణక్షణం కళ్లముందే ఉంటుంది. కలంకారీలో తీర్పు వాయిదా పడుతుంది. గీసిన రోజు ఒకటి, రంగు తేలే రోజు ఇంకొకటి. ఆ మధ్యలో చేయి తన పని తాను నేర్చుకుంటుంది. పైగా కసిం గీత చెరిపితే పోదు. పొరపాటు పడితే దాన్ని ఒక లత కింద, ఒక నగ కింద కలిపేసుకుని ముందుకు పోవడమే దారి. నలిపి పారేసే అవకాశం లేకపోవడం కొత్తవాళ్లకు నిజంగా మేలు చేస్తుంది.

మట్టి దగ్గరా ఇదే సూత్రం. చెరువు మన్ను తెచ్చి, రాళ్లూ వేళ్లూ ఏరి, నానబెట్టి, వడగట్టి, కొంత ఇసుక కలిపి తొక్కి మెత్తగా చేసేసరికే రోజులు పడతాయి. సారె, అంటే కుమ్మరి చక్రం, మీద మన్నును సరిగ్గా మధ్యలో నిలపడం అన్నిటికంటే కష్టమైన మెట్టు. అక్కడ బలంతో పని లేదు. మోచేతులు తొడలకో నడుముకో ఆనించి చేతులు కదలకుండా పట్టుకోగలిగితే సారె తిరుగుడే మన్నును మధ్యకు తెస్తుంది. ఆవేశంగా నొక్కే కుర్రవాళ్ల కంటే నిదానంగా పట్టే పెద్దవాళ్లకు ఇది ముందు దొరకడంలో వింతేమీ లేదు. సారె కుదరకపోతే మట్టిని తాళ్లుగా చేసి చుట్టలు చుట్టి పేర్చి, సందులు అదిమి కుండ కట్టొచ్చు. ప్రపంచంలో చక్రం రాకముందు కుండలన్నీ చేతితో కట్టినవే. ఆ పద్ధతిని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు బల్ల ముందు కుర్చీలో కూర్చుని చేయడానికి అదే మంచిది కూడా.

చేసిన వస్తువు నీడలో మెల్లగా ఆరాలి. ఆరేటప్పుడు మన్నును బట్టి నూటికి 5 నుంచి 10 వంతుల దాకా కుంచించుకుపోతుంది. పిడి ఒక వేగంతో, కుండ ఒక వేగంతో ఆరితే అతుకు దగ్గర పగుళ్లు వస్తాయి. తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. గాలిలో తేమ ఉన్న ఆ రోజుల్లో వస్తువు త్వరగా ఆరదు. దీపావళి, కార్తీకం ప్రమిదలకు గిరాకీ కూడా అప్పుడే కాబట్టి కుమ్మరులు ముందుగానే చేసి పెట్టుకోవాల్సి వస్తుంది. ఆరీ ఆరని కుండను కాలిస్తే లోపలి తేమ ఆవిరై గోడను బద్దలు కొట్టుకుని బయటికి వస్తుంది. అందుకే కుండలు కాల్చే ఆవంలో మొదటి గంటల మంట చాలా చిన్నది. 500 డిగ్రీలు దాటేటప్పుడు మట్టి రేణువుల్లోనే కట్టుబడి ఉన్న నీరు పోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా అది తిరిగి బురద కాదు. అంతకుముందు దాకా ఎప్పుడైనా నానబెట్టి మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. అంటే కాల్చేదాకా మట్టిలో ఏ తప్పూ శాశ్వతం కాదు. చెరపలేని కలంకారీ, ఎన్నిసార్లైనా చెరపగల మట్టి రెండు వేర్వేరు స్వభావాలకు సరిపోతాయి. తప్పు చేస్తానేమోనని టెన్షన్ పడేవాళ్లు మట్టితో మొదలుపెట్టడం మంచిది. ఎంత చేసినా ఇంకా బాగుండాలని దిద్దుతూ కూర్చునేవాళ్లకు కలంకారీ మంచిది.

ఆరోగ్యానికి మంచిదన్న మాట ఇప్పుడు ప్రతి అలవాటుకూ తగిలిస్తున్నారు కాబట్టి, పరిశోధన నిజంగా ఏం చెప్పిందో చూడటం అవసరం. 2014లో డెనిస్ పార్క్ బృందం అమెరికాలో 60 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లతో చేసిన అధ్యయనంలో కొందరికి మూడు నెలలపాటు, వారానికి సుమారు 15 గంటల చొప్పున, బొంత కుట్టడం, డిజిటల్ ఫోటోగ్రఫీ లాంటి కొత్త విద్యలు నేర్పారు. ఇంకొందరు అంతే సమయం కబుర్లు, విహారాలతో గడిపారు. జ్ఞాపకశక్తిలో మెరుగు కనిపించింది కొత్త విద్య నేర్చుకున్నవాళ్లలో. అదే ఏడాది జర్మనీలో రిటైరైనవాళ్లతో చేసిన ఇంకో చిన్న అధ్యయనంలో, 10 వారాలు బొమ్మలు వేసినవాళ్ల మెదడు భాగాల మధ్య అనుసంధానం పెరిగింది, బొమ్మలు చూసి చర్చించినవాళ్లలో పెరగలేదు. ఆ అధ్యయనంలో పాల్గొన్నది 28 మందే, కాబట్టి దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. రెండిటి నుంచీ వచ్చే సూచన మాత్రం ఒకే దిక్కుకు ఉంది: చూడటం కంటే చేయడం, తేలిక పని కంటే కష్టమైన పని. అచ్చేసిన బొమ్మలో రంగులు నింపే పుస్తకాలు కాలక్షేపానికి బాగానే ఉంటాయి. వాటితో ఆగిపోతే నేర్చుకునే శ్రమ దక్కదు, ఆ శ్రమలోనే మేలు ఉంది.

మరి అడ్డు ఎక్కడుంది? వయసులో కంటే ఇంట్లోనూ వీధిలోనూ ఎక్కువ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు పదవీ విరమణ వయసు 2022 నుంచి 62. ఆ రోజు మగవాళ్ల చేతికి పొద్దున్న నుంచి సాయంత్రం దాకా సమయం ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆడవాళ్లకు అలాంటి రోజు రాదు. ఉద్యోగం చేసి రిటైరైన ఆమెకు కూడా వంటిల్లు ఉంటుంది, మనవళ్లను బడి నుంచి తెచ్చే పని ఉంటుంది. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, ఒళ్లు అలిసిపోతుంది" అనే కొడుకు ప్రేమగానే అంటాడు. అదే మనిషి పప్పు రుబ్బి వడలు చేస్తే ఒళ్లు అలుస్తుందని మాత్రం అనడు. లేటు వయసు కళ గురించి రాసేవాళ్లు ఈ తేడాను దాటేసి పోతుంటారు. దీన్ని దాటేస్తే మిగతా సలహాలన్నీ సగం మందికే పనికొస్తాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండు గంటలు మాత్రమే తనవి అయిన మనిషికి, మధ్యలో ఆపి మళ్లీ అందుకోగల పని కావాలి. కలంకారీ అలా ఆపగల పనే, పాలు పట్టించిన గుడ్డ దానంతట అది ఆరుతుంది. మట్టి వస్తువును తడిగుడ్డ కప్పి ప్లాస్టిక్ కవరు చుడితే రెండు మూడు రోజులు మెత్తగానే ఉంటుంది. ఆ మాత్రం చోటు, ఎవరూ సర్దేయని ఒక మూల, ఇంట్లో దొరకడమే అసలు పోరాటం.

వీధిలో ఉన్న అడ్డు కులం. కుండ చేయడం కుమ్మరి ఇంట పుట్టినవాళ్ల పనని, మిగతావాళ్లు సారె ముట్టుకోవడం నామోషీ అని అనుకునే తరం ఇంకా ఉంది. తిరుమల సంప్రదాయమే దీనికి మంచి జవాబు చెబుతుంది. కుమ్మరి భీముడు రోజూ పని మధ్యలో మట్టిపూలు చేసి స్వామికి అర్పించేవాడని, తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారు పూల మీద ఆ మట్టిపూలు కనిపించేవని స్థలపురాణ కథ. ఇప్పటికీ గర్భాలయంలో కులశేఖర పడి అనే గడప దాటి లోపలికి వెళ్లే నైవేద్యం ఓడులో పెట్టిన పెరుగన్నమే, అంటే మట్టి పాత్రలోదే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. ఆచారంగా ఆ బొమ్మ చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. మట్టిని ఇంతగా నెత్తిన పెట్టుకున్న ఊళ్లో మట్టి పనిని చిన్నదనుకోవడం ఎలా కుదురుతుంది? ఆ గౌరవంలో కొంతైనా సారె ముందు కూర్చున్న మనిషికి చేరాలి.

కలంకారీలో ఈ గోడ కొంత ముందే కూలింది. 1950లలో చేతిపనులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో, ఆగిపోయే దశకు వచ్చిన ఈ విద్యకు శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. బయటి కుటుంబాల పిల్లలకూ దారి దొరికింది. శ్రీకాళహస్తి కలంకారీకి పేరు తెచ్చిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలోనూ కలంకారీ ఒక విభాగం. అయితే ఇవన్నీ బతుకుతెరువు కోసం నేర్చుకునే యువత కోసం పెట్టినవి. 60 దాటినవాళ్లకు రెండేళ్ల కోర్సు, పరీక్ష, సర్టిఫికెట్ అక్కర్లేదు. వాళ్లకు కావలసింది వారానికి ఒకటి రెండు రోజులు ఒక చేయి తిరిగిన మనిషి పక్కన కూర్చునే అవకాశం.

అలాంటి అవకాశం ఏం చేయగలదో మధ్యప్రదేశ్‌లోని జోధయ్యా బాయి బైగా జీవితం చూపించింది. కూలి పనులతో, కట్టెలమ్ముకోవడంతో బతికిన ఆమె, భర్త పోయాక 70కి దగ్గర పడిన వయసులో కుంచె పట్టింది. ఆమె ఊరు లోఢాలోనే చిత్రకారుడు ఆశిష్ స్వామి ఒక చిత్రశాల పెట్టడం వల్ల అది సాధ్యమైంది. 2023లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. బహుమతి సంగతి పక్కన పెడదాం, అది అందరికీ వచ్చేది కాదు. గురువు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నాడన్నదే ఇందులో గమనించాల్సింది. తిరుపతివాళ్లకు, చిత్తూరువాళ్లకు గురువులు బస్సు దూరంలో ఉన్నారు.

ఈ కలయిక వల్ల నేర్పే పనివాళ్లకూ లాభం ఉంది. ప్లాస్టిక్ బిందె, స్టీలు గిన్నె వచ్చాక కుండ కొనేవాళ్లు తగ్గారు. చేత్తో వేసిన కలంకారీ పక్కనే, మిషన్ మీద అచ్చేసిన గుడ్డను అదే పేరుతో చవకగా అమ్ముతున్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నా కొనేవాళ్లకు తేడా తెలియకపోతే ఆ గుర్తింపు కాగితం మీదే ఉంటుంది. పటిక పూసి, ఉడికించి, ఒక్క చిన్న గుడ్డముక్క మీద ఎరుపు తేల్చిన మనిషిని ఎవరూ మోసం చేయలేరు. గీత మందం అన్ని చోట్లా ఒకేలా ఉందంటేనే ఆ మనిషికి అనుమానం వస్తుంది. ధర ఎందుకంత ఉందో కూడా వేరే చెప్పనక్కర్లేదు. పని దగ్గరికి వెళ్లి నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్ల సమయానికి తగిన డబ్బు ఇవ్వడం మాత్రం మర్చిపోకూడదు. పండగ గిరాకీ రోజుల్లో వాళ్లను ఇబ్బంది పెట్టకుండా, పని పలచగా ఉండే నెలల్లో వెళ్లడం మంచిది.

ఇక ఒంటి సంగతి. వయసుతో పాటు కంటి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. దాంతో నీలాలు, ఊదాలు మసకబారి కనిపిస్తాయి. శుక్లం ముదిరితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1923లో శుక్లం ఆపరేషన్ చేయించుకునే ముందు వేసిన బొమ్మల్లో ఎరుపు, గోధుమ రంగులు నిండిపోయి ఉండటానికి కారణం ఇదేనంటారు. ఆపరేషన్ అయినవాళ్లు అంతకుముందు వేసిన బొమ్మను చూసి నీలం ఇంత ఎక్కువ పెట్టామా అని ఆశ్చర్యపోతే అందులో వాళ్ల తప్పేమీ లేదు. ట్యూబులైటు కింద కంటే పొద్దుటి వెలుతురులో వరండాలో కూర్చుని రంగులు కలుపుకోవడం అన్ని విధాలా మేలు. వేళ్ల కీళ్లు నొప్పి పెట్టేవాళ్లు కుంచె కాడకు గుడ్డ చుట్టి లావు చేసుకుంటే పట్టు తేలికవుతుంది. కలంకారీ కూర్చునే పనే అయినా నేల మీదే కూర్చోవాలన్న నియమం లేదు. మట్టి పనిలో జాగ్రత్త తడి దగ్గర కంటే పొడి దగ్గరే ఎక్కువ కావాలి. ఎండిన మట్టి దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది కాబట్టి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. ఎండిన వస్తువును గరుకు కాగితంతో రుద్దాల్సి వస్తే ఆరుబయట, ముక్కుకు మాస్కు పెట్టుకుని రుద్దాలి.

చేసినవన్నీ ఏం చేయాలన్న ప్రశ్న కొన్నాళ్లకు తప్పకుండా వస్తుంది. ప్రదర్శన పెట్టమని, అమ్మమని, ఫోన్‌లో పేజీ తెరవమని పిల్లలు ఉత్సాహపడతారు. అమ్మకం మొదలైతే ఆర్డరు, గడువు, నచ్చలేదనే మాట కూడా వస్తాయి. వాయిదా పడిన తీర్పు మళ్లీ ముందుకు వచ్చి కూర్చుంటుంది. కనీసం మొదటి రెండేళ్లు ఆ దారి పట్టకపోవడమే మంచిది. ఈ ప్రాంతంలో ఇంటి వస్తువులకు ఇంట్లోనే చోటుంది. దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, కొలువు మెట్టు మీద ఒక వంకర ఏనుగు కూడా ఒదుగుతుంది. వినాయక చవితికి రంగులు లేని మట్టి విగ్రహం కావాలి, కార్తీకానికి ప్రమిదలు కావాలి, మేడ మీద తులసికి కుండీ కావాలి. ప్రమిదను ఒక పూట నీళ్లలో నానబెట్టి ఆరాక వాడితే నూనె తక్కువ పీల్చుకుంటుంది. కుండీ అయితే అడుగున నీళ్లు పోయే కన్నం మన్ను సగం ఆరి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే పొడవాలి, కాల్చిన తర్వాత పొడిస్తే కుండీ పగులుతుంది.